నీటిలో గురి, ఒడ్డున గిరి

అండమాన్ తీరంలో చేపల వేటకు విల్లును సిద్ధం చేసుకోవడమంటే ఒక చెట్టు, గుప్పెడు నార, చిన్న ఇనుప ముక్క, ఒక తేట నీటి మడుగు సమకూర్చుకోవడమే. అందులో మొదటి రెండూ అడవి ఇస్తుంది. మిగతా రెండింటి విషయంలోనే ఇప్పుడు బయటి ప్రపంచంతో పేచీ.

ఇంకా తెలవారదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు ముందు బస్సులు, జీపులు, టూరిస్టు కార్లు బారులు తీరి ఉంటాయి. టీ కొట్ల దగ్గర ఆవిర్లు, పోలీసుల చేతుల్లో ప్రయాణికుల జాబితాలు. 2024 సెప్టెంబర్ దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న శ్రీ విజయపురం నుంచి నిద్ర మానుకుని బయల్దేరిన వాళ్లంతా ఇక్కడ ఆగాల్సిందే. గేటు ఎత్తగానే వాహనాలన్నీ ఒకదాని వెనుక ఒకటిగా, పోలీసు కాపలా మధ్య కదులుతాయి. మధ్యలో ఆపకూడదు, ఒకదాన్నొకటి దాటకూడదు, గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ఫొటోలు తీయకూడదు. ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. సుమారు 50 కిలోమీటర్లు ఇదే తీరు. ఇరువైపులా ఆకాశాన్ని మూసేసే అడవి. అది జరావాల రిజర్వు.

కాగితం మీద ఈ ప్రయాణం బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహల కోసం, బురద అగ్నిపర్వతం కోసం. కానీ కిటికీ పక్క సీటు కోసం పోటీ పడే వాళ్లలో చాలామంది వెతికేది వేరు. రోడ్డు పక్కన చేతిలో విల్లుతో ఒక మనిషి కనిపిస్తాడేమోనని. కనిపిస్తే, ఆ విల్లు తమ మీదకు ఎక్కుపెట్టడానికే ఉందని ఊహించుకుని ఓ పులకరింత. నిజానికి ఆ విల్లుకు ఉన్న పనులు రెండు: అడవిలో పంది, నీటిలో చేప. మనుషుల మీద దాని వాడకం చరిత్రలో లేకపోలేదు. 1859 మే 17న బాణాలు పట్టిన అండమానీలు బ్రిటిష్ వాళ్ల కొత్త స్థావరం మీద చేసిన దాడినే అబర్డీన్ యుద్ధం అంటారు. వాళ్ల పథకం ముందే తెలిసిపోవడంతో తుపాకులదే పైచేయి అయింది. ఆ పోరు గుర్తుగా నగరంలో స్మారకం ఉంది. కానీ అది ఒకనాటి సంగతి. విల్లు తయారయ్యేది మాత్రం ప్రతిరోజూ ఉండే ఆకలి కోసం.

విల్లుకు తనదైన చెట్టు

నగరంలోని మానవశాస్త్ర సర్వే మ్యూజియంలో గాజు పలకల వెనుక అండమాన్ విల్లంబులు వరసగా కనిపిస్తాయి. కాస్త ఓపిగ్గా చూస్తే అవన్నీ ఒకటి కాదని తెలుస్తుంది. గ్రేట్ అండమానీల విల్లు వింతగా ఉంటుంది. పట్టుకునే చోట సన్నగా, దానికి అటూ ఇటూ పడవ తెడ్డులా వెడల్పుగా, మొత్తం మీద ఇంగ్లిషు ఎస్ అక్షరాన్ని సాగదీసినట్లు వంకర తిరిగి ఉంటుంది. లిటిల్ అండమాన్‌లోని ఓంగీలది, జరావాలది, ఉత్తర సెంటినెల్ దీవివాసులదీ వేరే పద్ధతి. వంకర్లు లేని సాదా విల్లు. 1906-08 మధ్య ఇక్కడ తిరిగి, 1922లో అండమాన్ దీవివాసుల మీద పుస్తకం వెలువరించిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ ఇలాంటి తేడాలను చాలా శ్రద్ధగా నమోదు చేశారు. ఎవరు ఎవరికి దగ్గరి బంధువులో చెప్పడానికి భాషతోపాటు వస్తువులు కూడా సాక్ష్యమిస్తాయన్నది మానవశాస్త్రంలో పాత మాటే.

జరావాలు తమను తాము అంగ్ అని పిలుచుకుంటారు. జరావా అనేది పొరుగున ఉన్న గ్రేట్ అండమానీలు పెట్టిన పేరు. దాని అర్థం పరాయివాళ్లని. వీళ్ల విల్లు ఎక్కువగా ‘చూయీ’ అనే చెట్టు కర్రతో తయారవుతుంది. శాస్త్రవేత్తలు సాజెరియా ఎలిప్టికా అనే ఈ చెట్టుకు ఇంగ్లిషులో పడిన పేరే ‘అండమాన్ విల్లుకర్ర’. వంగుతుంది కానీ విరగదు, వదలగానే తన ఆకారానికి వచ్చేస్తుంది. అడవిలో వందల రకాల చెట్లున్నా ఏ కర్ర దేనికి పనికొస్తుందో తెలియడమే మొదటి పనితనం.

చెక్కడానికి బాడిసె లాంటి పనిముట్టు. నునుపు చేయడానికి అడవి పంది కోర. చిత్రిక పట్టినట్లు కోర అంచుతో కర్రను పైపైన గీరుతూ పోతే వంపు అంతా సమంగా వస్తుందని 19వ శతాబ్దంలో ఇక్కడ అధికారిగా పనిచేసిన ఇ.హెచ్.మాన్ రాతల వల్ల తెలుస్తోంది. అంటే పందిని కొట్టే విల్లును తీర్చిదిద్దేది కూడా ఆ పందే.

వింటినారిది మరో కథ. గ్రేట్ అండమానీలు అడవిలో చెట్లకు అల్లుకునే ఒక తీగ నుంచి నార తీసి, తొడ మీద పెట్టి పేని, దానికి నల్ల తేనెమైనం పట్టించేవారు. మైనం ఎందుకంటే ఈ దీవుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వానే. పైగా చేపల వేటకు వెళ్లినవాడు నడుము లోతు నీళ్లలో నిలబడాలి. తడిసిన నారి సాగిపోతుంది, సాగిన నారి బాణాన్ని తన్నలేదు. మైనం పూత ఆ తడిని నార లోపలికి రానివ్వదు. పొడి నేల మీద వేటాడేవాడికి అంతగా పట్టని ఈ విషయం నీటి వేటగాడికి ప్రాణంతో సమానం.

ఈకలు లేని బాణం

విల్లు రెండు వేటలకూ ఒకటే. మారేది బాణం. జరావా భాషలో బాణాన్ని ‘పాథో’ అంటారు. పంది కోసం చేసే బాణానికి వెడల్పాటి ఇనుప ములికి ఉంటుంది. కొన్ని రకాల్లో ఆ ములికి బాణానికి గట్టిగా బిగించి ఉండదు, ఒక చిన్న తాడుతో కట్టి ఉంటుంది. దెబ్బ తగిలి పంది పరుగెత్తినప్పుడు ములికి ఒంట్లో ఉండిపోతుంది, బాణం పుల్ల ఊడి తాడుతో వెనుక ఈడ్చుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక పొదలో చిక్కుకుని పందిని ఆపేస్తుంది.

చేప బాణం ఇంత సంక్లిష్టంగా ఉండదు. వెదురు లేదా తేలికపాటి పుల్ల, దాని ముందు భాగంలో గట్టి కర్ర ముక్క, కొసన సన్నటి ఇనుప మొన, జారిపోకుండా పట్టుకునే వెనుక ముల్లు. లిటిల్ అండమాన్ బాణాల్లో మూడు నాలుగు మొనలు విచ్చుకుని ఉండేవి కూడా ఉన్నాయి. ఒక మొన తప్పితే ఇంకోటి తగులుతుంది. చిన్న చేపలు గుంపుగా వచ్చే చోట ఇది మేలు. పోక కర్రతో చెక్కిన, ఇనుము లేని బాణాలు కూడా వాడకంలో ఉన్నాయి.

తెలుగునాట పురాణ నాటకాలు, సినిమాల్లో బాణాలు చూసి పెరిగిన వాళ్లకు వీటిని చూడగానే ఏదో లోపించినట్లు అనిపిస్తుంది. ఆ లోటు ఈకలది. అండమాన్ బాణాలకు ఈకలుండవు. దూరం ప్రయాణించే బాణం గాలిలో తిన్నగా పోవాలంటే తోక దగ్గర ఈకలు కావాలి. కానీ చేప మీద వేసే బాణం గాలిలో పోయేది కొద్ది గజాలే. ఆ తర్వాత అది నీళ్లను చీల్చుకుని పోవాలి. అక్కడ ఈకలు సాయం చేయకపోగా అడ్డం పడతాయి, తడిసి ముద్దయి బాణాన్ని పక్కకు లాగుతాయి. బాణం ముందు భాగాన్ని బరువుగా, వెనుక భాగాన్ని తేలిగ్గా చేస్తే చాలు, దగ్గరి దూరానికి ఆ తూకమే దారి చూపిస్తుంది.

ఆసక్తికరమేమిటంటే అమెరికాలో సరదా క్రీడగా సాగే విల్లు చేపల వేట కూడా ఇదే తీర్మానానికి వచ్చింది. అక్కడ నదుల్లో విపరీతంగా పెరిగిపోయిన విదేశీ గండు చేపలను విల్లుతో కొట్టే వాళ్లు పాతకాలపు సాదా విల్లునే ఎంచుకోవడం మామూలు. చేప కనిపించి మాయమయ్యేలోగా లాగి వదలడానికి అదే అనువు. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన బరువైన బాణం, దానికీ ఈకలుండవు. మొన వెనుక ముళ్లుంటాయి. తేడా ఒక్కటే: వాళ్లు విల్లు ముందు భాగంలో చక్రం లాంటి రీలు బిగించి, దాని దారాన్ని బాణానికి కడతారు. కొట్టిన చేపను లాక్కోవచ్చు. అందులో ప్రమాదం కూడా ఉంది. దారం వింటినారికో, చేతికో చుట్టుకుంటే వదిలిన బాణం వెనక్కి తిరిగి కొడుతుంది. అందుకే దారం ఎప్పుడూ విల్లుకు ముందు వైపే ఉండేలా బాణం మీద జారే ఉంగరం ఒకటి అమరుస్తారు.

అండమాన్ చేప బాణానికి దారం లేదు. దానికి అవసరం రాదు. వేట సాగేది మోకాలి లోతు, నడుము లోతు నీళ్లలో. తేలికైన పుల్ల నీటిపైకి తేలాలని చూస్తుంది. దెబ్బ తిన్న చేప ఎటు పోయినా పుల్ల ఊగుతూ జాడ చెబుతుంది. నాలుగు అడుగులు వేసి పట్టుకోవడమే. తాడు అవసరమయ్యేది తాబేలు, సముద్రపు ఆవు లాంటి పెద్ద ప్రాణులకు. వాటికి గ్రేట్ అండమానీలు విల్లు కాకుండా పడవ ముందు నిలబడి పొడవాటి వెదురు బల్లెం వాడేవారు. దాని ఇనుప మొన ఊడి వచ్చేలా ఉండి, దానికి బారెడు బారెడు తాడు కట్టి ఉండేది.

కనిపించే చోట ఉండని చేప

విల్లు, బాణం చేతికొచ్చినంత మాత్రాన చేప పడదు. నీళ్లలో చేప కనిపించే చోట ఉండదు. వెలుతురు నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుందని హైస్కూలు భౌతికశాస్త్రంలో అందరూ చదువుకునేదే. నిట్టనిలువుగా పై నుంచి చూస్తే మీటరు లోతున ఉన్న చేప 75 సెంటీమీటర్ల లోతునే ఉన్నట్లు కనిపిస్తుంది. ఏటవాలుగా 45 డిగ్రీల కోణంలో చూస్తూ, కనిపించిన చోటికే సూటిగా బాణం వేస్తే అది చేపకు అడుగు పైనుంచే దాటిపోతుంది. కాబట్టి గురి ఎప్పుడూ చేప కిందికి పెట్టాలి. ఎంత కిందికన్నది లోతును బట్టి, కోణాన్ని బట్టి మారుతుంది. ఇంతలో చేప కదులుతుంది. ఇంతలో ఒక అల నీటి ఉపరితలాన్ని కదిలిస్తుంది.

ఈ లెక్కలన్నీ కట్టి వేసే బాణం కాదది. అండమానీ పిల్లలకు నడక స్థిరపడగానే బొమ్మ విల్లు చేతికొస్తుంది. తీరంలో చిన్న చేపల మీద, ఎండ్రకాయల మీద వేల సార్లు తప్పి తప్పి కన్ను తనే సర్దుకుంటుంది. పెద్దయ్యాక వాడికి ఆ దిద్దుబాటు ఒక లెక్కలా అనిపించదు. చెయ్యి దానంతట అదే కిందికి దిగుతుంది.

వేటకు సమయం సముద్రమే నిర్ణయిస్తుంది. నీరు తీసిన వేళ పగడపు దిబ్బల మీద పలచటి నీటి పొర మిగులుతుంది, గుంటల్లో చేపలు చిక్కుకుంటాయి. మగవాళ్లు విల్లు పట్టి కదలకుండా నిలబడతారు. ఆడవాళ్లు చిన్న చేతి వలలతో గుంటల్లో చేపలు, రొయ్యలు, ఎండ్రకాయలు దేవుతారు. రోజువారీ తిండిలో ఈ చేతి వల వాటా చిన్నదేమీ కాదు. విల్లు చేతిలో ఉన్న మగవాడి ఫొటోలే లోకమంతా తిరిగాయి కనుక ఆ సంగతి మరుగున పడింది.

ఓడలు తెచ్చిన ఇనుము

ఈ మొత్తం సరంజామాలో అడవి ఇవ్వనిది ఒక్క ఇనుమే. దీవుల్లో ఇనుప పని లేదు, కొలిమి లేదు. ఒకప్పుడు ములుకులకు ఎముక, గవ్వ, గట్టి కర్ర ఆధారం. తుపానులకు పగడపు దిబ్బలను గుద్దుకుని విరిగిన ఓడల నుంచి మేకులు, రేకులు, పట్టీలు దొరకడంతో పరిస్థితి మారింది. ఇనుమును కాల్చకుండానే రాతి మీద పెట్టి కొట్టి కొట్టి పలచన చేసి, అరగదీసి ములుకులు చేసుకోవడం నేర్చారు. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల స్థావరం పెట్టాక ఇనుము దొరకడం ఇంకా తేలికైంది. దొంగిలించడం, మార్చుకోవడం, కానుకగా పుచ్చుకోవడం, అన్నీ జరిగాయి. స్వాతంత్ర్యం తర్వాత జరావాలను మచ్చిక చేసుకునేందుకు పడవల్లో వెళ్లిన అధికార బృందాలు కొబ్బరికాయలు, అరటిపళ్లతోపాటు ఇనుప ముక్కలు కూడా తీసుకెళ్లేవి.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉత్తర సెంటినెల్. 1981 ఆగస్టులో ప్రైమ్‌రోజ్ అనే సరకు ఓడ ఆ దీవి పగడపు దిబ్బ మీదకు ఎక్కి చిక్కుకుపోయింది. సిబ్బందిని హెలికాప్టర్‌లో తరలించారు. ఓడ మాత్రం అక్కడే ఉండిపోయింది. బయటి లోకంతో సంబంధమే వద్దనుకున్న మనుషుల గడప ముందు ఓ ఇనుప గని వచ్చి పడినట్లయింది. 1991 జనవరిలో మానవశాస్త్రవేత్త మధుమాల చట్టోపాధ్యాయ ఉన్న బృందం తీరానికి వెళ్లినప్పుడు సెంటినెలీలు నీళ్లలోకి వచ్చి కొబ్బరికాయలు అందుకున్నారు. అంతకుముందు 1974లో డాక్యుమెంటరీ తీయబోయిన బృందానికి మాత్రం బాణాలే ఎదురొచ్చాయి, దర్శకుడి తొడకు ఒకటి తగిలింది. తర్వాత ప్రభుత్వం ఇలాంటి యాత్రలు మానుకుంది. వాళ్లు వద్దన్న తర్వాత వెళ్లకపోవడమే సరైన విధానమని తేల్చుకుంది.

2004 డిసెంబర్ 26న వచ్చిన భూకంపం ఈ దీవుల్లో కొన్ని చోట్ల నేలను కుంగదీసింది, కొన్ని చోట్ల పైకెత్తింది. నగరం పరిసరాల్లో పొలాలు సముద్రంలో కలిసిపోయాయి. ఉత్తర సెంటినెల్ మాత్రం ఒకటి రెండు మీటర్లు పైకి లేచింది. అంతవరకు నీళ్ల కింద ఉన్న పగడపు దిబ్బలు చుట్టూరా తేలి, ఎండి, తెల్లబడి చచ్చిపోయాయి. ఉపగ్రహ చిత్రాల్లో దీవి హఠాత్తుగా పెద్దదైనట్లు కనిపించింది. కానీ విల్లు పట్టే మనిషి వైపు నుంచి చూస్తే దానర్థం వేరు. మోకాలి లోతు నీళ్లున్న వేట మడుగులు రాత్రికి రాత్రే రాతి నేలగా మారాయి. అలవాటైన గుంటలు, చేపలు దాగే సందులు పోయాయి. సునామీ తర్వాత ఎవరైనా బతికున్నారా అని చూడ్డానికి వెళ్లిన తీర రక్షక దళం హెలికాప్టర్ మీదకు ఒక సెంటినెలీ మనిషి విల్లు ఎక్కుపెట్టిన ఫొటో ప్రపంచమంతా చూసింది. అతని వెనుక ఉన్న తీరం ఎంతగా మారిపోయిందో గమనించినవాళ్లు తక్కువ.

ఆ దీవి చుట్టూ ఐదు కిలోమీటర్ల సముద్రం కూడా ఇప్పుడు గిరి గీసిన ప్రాంతమే. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన కింద అనుమతి లేకుండా అటు వెళ్లడం నేరం. అయినా 2006 జనవరిలో చేపలు పట్టడానికి వెళ్లిన ఇద్దరు నిద్రలో ఉండగా పడవ తీరానికి కొట్టుకుపోయి వాళ్ల చేతుల్లో చనిపోయారు. 2018 నవంబర్‌లో మత ప్రచారానికని చాటుగా వెళ్లిన అమెరికన్ యువకుడూ తిరిగి రాలేదు. 2025 మార్చిలో మరో అమెరికన్ కొబ్బరికాయ, కూల్‌డ్రింక్ డబ్బా ఒడ్డున పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. గిరి దాటేది ప్రతిసారీ ఒకవైపు నుంచే.

జంగ్లీఘాట్‌లో తెలుగు మాట

నగరంలోని జంగ్లీఘాట్ వైపు వెళితే చెవిన పడేది తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. అంతకు ముందూ తెలుగువాళ్ల రాక లేకపోలేదు. అది ఇష్టపడి వచ్చింది కాదు. 1922-24 నాటి రంప తిరుగుబాటులో పాల్గొన్న వారిలో కొందరిని ఇక్కడి సెల్యులర్ జైలుకే పంపారు. విల్లంబులు పట్టిన మన్యం మనుషులను, విల్లంబులు వదలని మరో అడవి అంచుకు.

జంగ్లీఘాట్ మత్స్యకారుడికి, జరావా వేటగాడికి సముద్రం ఒకటే. లెక్కలు వేరు. ఒకరిది వల, మర పడవ, మంచు గడ్డ, వేలంపాట. అప్పు తీరాలి, డీజిల్ ఖర్చు రావాలి. రెండోవారిది ఆ పూట తిండి. ఒక బాణానికి ఒక చేప, అది కూడా గురి కుదిరితే. వలకు ఆ పరిమితి లేదు. వలసలు పెరిగే కొద్దీ, నగరం చుట్టుపక్కల చేప తగ్గే కొద్దీ పడవలు ఇంకా దూరం వెళ్లాలి. జరావా రిజర్వు వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. దానికి ఆనుకున్న పశ్చిమ తీరపు సముద్రం కూడా అందులో భాగమే. ఎవరూ వల వేయని నీళ్లు కాబట్టి అక్కడ చేప దండిగా ఉంటుందన్నది రేవులో అందరికీ తెలుసు. చీకటి మాటున అటు వెళ్లే పడవల మీద కేసులు పడుతూనే ఉంటాయి. 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చిన సముద్ర దోసకాయ కోసం, ఎండ్రకాయల కోసం దీవులవాళ్లే కాక మయన్మార్ వైపు నుంచీ దొంగ వేటగాళ్లు వస్తారు. రేవులో నిజాయితీగా బతికే మత్స్యకారుడికి కూడా దీనితో నష్టమే. నింద అందరి మీదా పడుతుంది, తనిఖీలు అందరికీ పెరుగుతాయి.

భారతదేశపు ప్రత్యేక ఆర్థిక మండలి సముద్రంలో దాదాపు 30 శాతం ఈ దీవుల చుట్టూనే ఉంది. 2025-26 కేంద్ర బడ్జెట్ సముద్ర మత్స్య సంపదను వాడుకునే ప్రణాళికలో అండమాన్ నికోబార్‌కు, లక్షద్వీప్‌కు ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. లోతు సముద్రంలో ట్యూనా పట్టడం వేరు, తీరంలోని పగడపు దిబ్బలను ఊడ్చడం వేరు. పెద్ద పడవలు దూరానికి వెళ్లగలిగితే తీరం మీద ఒత్తిడి తగ్గుతుంది. అది జరగకపోతే ఒత్తిడంతా తేలికగా చేప దొరికే చోటి మీదే పడుతుంది.

రోడ్డు మిగిల్చిన ప్రశ్న

1997 అక్టోబర్ దాకా జరావాలు బయటివాళ్లను బాణాలతో దూరంగా ఉంచారు. అంతకు ముందు ఏడాది కాలు విరిగి దొరికిన ఒక జరావా కుర్రాడికి నగరంలో చికిత్స చేసి తిరిగి పంపారు. ఆ తర్వాత కొంత కాలానికి వాళ్లు ఆయుధాలు లేకుండా అడవి దాటి వచ్చారు. వచ్చిన రెండేళ్లకే, 1999లో తట్టు అంటుకుంది. ఈ రోడ్డును జరావా ప్రాంతంలో మూసేయాలని సుప్రీంకోర్టు 2002 మేలో ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. ఉత్తర, మధ్య అండమాన్ జనాలకు ఆస్పత్రికి, కాలేజీకి, మార్కెట్‌కు ఇదే దారి అన్నది పాలనా యంత్రాంగం వాదన. ఆ వాదనలో నిజముంది. 2012లో జరావా స్త్రీలను టూరిస్టుల ముందు తిండి కోసం ఆడించిన వీడియో బయటపడటంతో దేశమంతా తల దించుకుంది. 2013 జనవరిలో కోర్టు టూరిస్టుల ప్రయాణాన్ని ఆపింది, మార్చికి ఆ నిషేధం తొలగింది. తర్వాత బారాటాంగ్‌కు సముద్ర మార్గం కూడా వచ్చింది. అయినా తెల్లవారుజామున జిర్కాటాంగ్‌లో బారులు అలాగే ఉన్నాయి.

జరావాలు అంతరించిపోతున్నారన్న మాట మాత్రం ఇప్పుడు పాతబడింది. 2001లో 240 ఉన్న వాళ్ల సంఖ్య 2011 లెక్కల్లో 380కి చేరింది. అదే లెక్కల్లో ఓంగీలు 101 మంది, ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 44 మంది. ఆ ఎస్ ఆకారపు విల్లు చేసినవాళ్ల సంతతి అంతే మిగిలింది. వాళ్లకు రేషన్ ఉంది, ఇళ్లున్నాయి. ఆ విల్లు మాత్రం ఎక్కువగా మ్యూజియంలోనే కనిపిస్తుంది. జరావాల విల్లు ఇంకా అడవిలోనే ఉంది. తేడాకు కారణం ప్రతిభ కాదు. అడవీ, వేట మడుగులూ ఒకరి దగ్గర మిగిలాయి, ఇంకొకరి దగ్గర మిగల్లేదు. 2025 జనవరిలో 19 మంది జరావాలకు ఓటరు గుర్తింపు కార్డులు ఇచ్చారు. వాళ్లు పౌరులని రాజ్యం గుర్తించడం మంచిదే. అయితే ఆ రాజ్యం తమకేం చేయాలో, ఏం చేయకుండా ఉండాలో వాళ్లే చెప్పగలిగే రోజు ఇంకా రావాలి. బడి కావాలా, మందులు కావాలా, బియ్యం కావాలా అన్నది తేల్చుకోవాల్సింది వాళ్లు. ఆ ఎంపిక నిజంగా ఎంపిక కావాలంటే ముందు విల్లుకు పని ఉండాలి. చేప దొరకని తీరంలో విల్లు పట్టిన మనిషికి రేషన్ కార్డు ఎంపిక కాదు, గత్యంతరం.

కాన్వాయ్ మిడిల్ స్ట్రెయిట్ చేరేసరికి ఎండ వస్తుంది. బస్సులు పంటు ఎక్కుతాయి. మడ అడవుల మధ్య ఆకుపచ్చటి నీళ్లు. ప్రయాణికులు రెయిలింగ్ పట్టుకుని నిలబడతారు. ఇక్కడ ఫొటోలకు అడ్డు లేదు కనుక అందరి ఫోన్లూ బయటికొస్తాయి. దారిలో ఎవరూ కనిపించలేదని కొందరి ముఖాల్లో నిరాశ. వేట మడుగులు పడమటి తీరాన, ఈ రోడ్డుకు, ఈ పంటుకు, ఈ ఫోన్లకు అవతల ఉన్నాయి. నీరు తీసే వేళకు అక్కడ ఎవరో ఒకరు నారికి మైనం రాసుకుని, ఈకలు లేని బాణం సంధించి, చేప కనిపించిన చోటికి కొంచెం కిందికి గురి పెట్టి నిలబడతారు. టూరిస్టుకు ఎవరూ కనిపించని రోజే వాళ్లకు మంచి రోజు.